మిల్టన్ తుఫాను ఒక్క రోజులో కేటగిరీ ఐదు అయింది. టాంపాలో మా అక్కవాళ్లు ఉన్నారు, ఏం చెప్పాలి వాళ్లకు?

పానగల్లు_తమ్ముడు (నల్లగొండ)
అక్టోబర్ 7, 2024, రాత్రి 10:20

ఫ్లోరిడాలో ఉన్నవాళ్లు గానీ తుఫాన్ల సంగతి తెలిసినవాళ్లు గానీ ఉంటే కొంచెం చెప్పండి, నాకు ఇక్కడ కాలూ చేయీ ఆడడం లేదు. మా అక్క, బావ, వాళ్ల ఆరేళ్ల పాప టాంపాలో ఉంటారు. బే (చిన్న అఖాతం) ఒడ్డుకి దగ్గర్లో అపార్ట్‌మెంటు, అదీ గ్రౌండ్ ఫ్లోర్. మొన్న సెప్టెంబర్ 26న హెలీన్ తుఫాను ఎక్కడో ఉత్తరాన తీరం దాటితేనే వీళ్ల పార్కింగ్ దాకా నీళ్లొచ్చాయి. ఆ వీధిలో తడిసిన సోఫాలు, పరుపులు ఇంకా రోడ్డు పక్కన కుప్పలుగానే ఉన్నాయి, అక్క వీడియో కాల్‌లో చూపించింది.

నిన్న రాత్రి పదకొండున్నరకి పడుకునే ముందు చూస్తే ఈ మిల్టన్ అప్పుడే హరికేన్ అయింది, గాలి గంటకి 130 కిలోమీటర్లు అన్నారు. హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు ఇంతకంటే చాలా ఎక్కువే కదా, దీనికేముందిలే అనుకుని పడుకున్నా. ఈరోజు సాయంత్రం షాపులో ఫోన్ తీస్తే మూడో కేటగిరీ. ఒక గిరాకీకి బిల్లు రాసి పంపించి మళ్లీ చూస్తే నాలుగు. తొమ్మిదిన్నరకి షట్టర్ దించుతుంటే ఐదు, 257 కిలోమీటర్లు. ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు! ఉపగ్రహం బొమ్మ చూశారా, మధ్యలో కన్ను ఎంత చిన్నగా ఉందో. మా నాయనమ్మ ఇసుర్రాయికి గింజలు పోసే బొక్క ఉంటుంది చూడండి, అచ్చం అట్లా, చుట్టూ అంతా తెల్లగా తిరుగుతోంది. భయమేస్తోంది, అయినా కళ్లు తిప్పుకోలేకపోతున్నా, నిజం చెప్తున్నా.

బావేమో "ఇంకా రెండు రోజుల టైముంది, రేపు చూద్దాం" అంటున్నాడు. ఒక్క రోజులో ఇంత పెరిగేది రెండు రోజుల్లో ఇంకేమైతదో అని నా టెన్షన్. ఇదే జోరుతో వచ్చి పడుతుందా, మధ్యలో తగ్గుతుందా? వెళ్లిపొమ్మని గట్టిగా చెప్పాలా, లేక ఇక్కడ కూర్చుని వాళ్లని ఇంకా భయపెడుతున్నానా?

అమ్మకి ఇంకా చెప్పలేదు. పొద్దున నోరు జారి "మిల్టన్ వస్తుందట" అంటే, "మనింట్లో ఉన్నది మంచిగనే ఉంది కద, మళ్ల కొత్తదెందుకు" అంది. ఆమెకి మిల్టన్ అంటే నీళ్ల ఫ్లాస్కు ఒక్కటే. నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు బాధేసింది.


పాలమూరు_టు_టాంపా
అక్టోబర్ 8, రాత్రి 12:40

తమ్మీ, నేను మహబూబ్‌నగర్ వాణ్ని. పదకొండేళ్లుగా ఇక్కడే, ప్రస్తుతం టాంపాకి ఉత్తరాన వెస్లీ చాపెల్‌లో. మిగతావన్నీ తర్వాత, ముందు ఇది చెప్పు. మీ అక్కవాళ్లది ఏ జోన్?


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 8, రాత్రి 12:43

అవునన్నా, ఏ జోనే. నీకెట్లా తెలుసు?


పాలమూరు_టు_టాంపా
అక్టోబర్ 8, రాత్రి 1:15

నాకేం తెల్వదు, ఏ జోన్ అని అడిగిన, అంతే. ఏ జోనే అంటే ఇంక మాట్లాడేదేం లేదు, బయల్దేరమను. రేపు పొద్దున్నే.

ఇక్కడ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు ఊరంతా ఏ, బీ, సీ, డీ, ఈ అని జోన్లుగా గీసి పెట్టారు. సముద్రపు నీళ్లు మొదట ఎక్కేది ఏ. టాంపా ఉన్న హిల్స్‌బరో కౌంటీలో ఏ, బీ రెండూ ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చేసింది. మన వాళ్లు చాలామంది కేటగిరీ నంబర్ పట్టుకుని కూర్చుంటారు. ఆ ఒకటి నుంచి ఐదు లెక్క గాలికి మాత్రమే, నీళ్లకి కాదు. తుఫాను తోసుకొచ్చే ఉప్పెన అందులో లేదు. టాంపా బేకి ఈరోజు చెప్తున్నది ఎనిమిది నుంచి పన్నెండు అడుగులు. ఇక్కడి ఇళ్లలో పైకప్పు ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులోనే ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ అన్నావు కదా, నువ్వే లెక్కేసుకో. టాంపా మేయర్ టీవీలో మొహమాటం లేకుండా చెప్పేసింది, ఆ జోన్లలో ఉండిపోతే చచ్చిపోతారు అని. అట్లా మాట్లాడటం నేను ఇన్నేళ్లలో వినలేదు.

ఇక్కడ ఒక సామెత లాంటి మాట ఉంది, గాలికి దాక్కో, నీళ్లకి పరుగెత్తు అని. పరుగెత్తడమంటే అట్లాంటా దాకా పోవాలని కాదు. అందరూ ఐ-75 హైవే మీద ఉత్తరానికే పడ్డారు, కార్లు నత్తలాగ పాకుతున్నాయి, బంకుల్లో పెట్రోలు అయిపోతోంది, రోడ్డు మీద ఇరుక్కుని ఉండగా తుఫాను వస్తే అది ఇంకో తిప్పలు. నీళ్లు ఎక్కని ఎత్తు చోటికి, ముప్పై నలభై కిలోమీటర్లు లోపలికి పోతే చాలు. విమానం సంగతి మరిచిపొమ్మను, టాంపా ఎయిర్‌పోర్టు మంగళవారం పొద్దున తొమ్మిదికి మూసేస్తున్నారు.

మీ బావ "చూద్దాం" అనడం నాకేం వింత కాదు. టాంపా మీద పెద్ద తుఫాను నేరుగా పడి 103 ఏళ్లయింది, 1921లో పడ్డది ఆఖరు. ప్రతిసారీ ఇటు వస్తుందంటారు, అటు పోతుంది. అందుకే ఇక్కడి పాతవాళ్లకి కూడా నిర్లక్ష్యం.

మా ఇల్లు ఏ జోన్‌లోనూ లేదు (ఈసారి ఏ అంటే ఏదీ లేదని!). కిటికీలకి రేకులు బిగించిన, బియ్యం పప్పు ఉన్నాయి, రేపు రాత్రికి బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టి పెడతాం, కరెంటు పోయి నీళ్లు ఆగిపోతే బాత్రూములకైనా పనికొస్తాయని. ఒక రూము ఖాళీగా ఉంది. మీ అక్కవాళ్లని రమ్మను. నంబర్ నీకు విడిగా పంపిన.


సాగర్_ఎడమకాల్వ (మిర్యాలగూడ)
అక్టోబర్ 8, పొద్దున 6:50

ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ని, వాతావరణం నా చదువు కాదు గానీ పీడనాలూ ప్రవాహాలూ చూస్తూనే బతుకు గడిచింది. తమ్ముడు అడిగిన "ఒక్క రోజులో ఎట్లా" అనేదానికి నాకు తెలిసినంత చెప్తా.

తెల్లవారుజామున ఐదున్నరకి వచ్చిన చిన్న బులెటిన్ చూశాను. కేంద్రంలో పీడనం 897 మిల్లీబార్లు, గాలి 290 కిలోమీటర్లు. సముద్రం మీద మామూలుగా ఉండేది 1013. మనం ఒక కిలోమీటరు ఎత్తు గుట్ట ఎక్కితే అక్కడ ఉండేంత పీడనం ఇప్పుడు ఆ సముద్రపు నీళ్ల మీదే ఉందన్నమాట. చుట్టూ ఉన్న గాలంతా ఆ గుంతలోకి ఉరుకుతోంది. నీళ్ల తొట్టి అడుగున గుడ్డ ముక్క పీకేస్తే నీళ్లు అంచుల్లో నెమ్మదిగా తిరిగి, తూము దగ్గరకొచ్చేకొద్దీ ఎంత జోరందుకుంటాయో చూశారు కదా. కన్ను ఎంత చిన్నదైతే దాని చుట్టూ తిరుగుడు అంత జోరు. ఆ ఇసుర్రాయి బొక్క అందుకే మంచి గుర్తు కాదు.

మరి ఆ గుంత ఎట్లా పడింది అంటే, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నీళ్లు ఇప్పుడు 30 డిగ్రీలు దాటి ఉన్నాయి. వేడి నీళ్ల ఆవిరి పైకి పోయి మేఘమయ్యేటప్పుడు తనలోని వేడిని అక్కడ వదిలేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, పక్కనున్న తడిగాలి ఇంకా లోపలికొస్తుంది, దాని ఆవిరి మళ్లీ పైకి... ఈ చక్రాన్ని ఆపేవాటిలో ముఖ్యమైనది, పైన ఒక దిక్కు కింద ఒక దిక్కు గాలి వీచి ఆ నిలువు గొట్టాన్ని వంచెయ్యడం. నిన్న అక్కడ అట్లాంటి గాలి పెద్దగా లేదు. 24 గంటల్లో గాలి వేగం 55 కిలోమీటర్లు పెరిగితేనే దాన్ని మెరుపు వేగంతో బలపడటం కింద లెక్కేస్తారు. ఇది దానికి రెండింతలు దాటింది. నిరుడు అక్టోబర్‌లో మెక్సికోలోని అకాపుల్కో మీద పడ్డ ఓటిస్ కూడా ఇంతే, ముందురోజు మామూలు తుఫాను, తెల్లారేసరికి ఐదు. అక్కడి జనానికి తప్పించుకునే టైమే దొరకలేదు. ఇక్కడ మీ బావగారికి ఇంకా రెండు రోజులు ఉన్నాయి, అది అదృష్టమే, వాడుకుంటే.

తగ్గుతుందా అంటే, గాలి కొంత తగ్గవచ్చు. ఇంత చిన్న కన్ను ఎక్కువసేపు నిలబడదు, దాని చుట్టూ పెద్ద మేఘాల గోడ ఇంకొకటి కట్టుకుని లోపలిది పడిపోతుంది. అప్పుడు గాలి జోరు తగ్గి తుఫాను వెడల్పవుతుంది. ఫ్లోరిడా దగ్గరికొచ్చేసరికి గొట్టాన్ని వంచే ఆ గాలులు కూడా ఉంటాయంటున్నారు. కాబట్టి ఐదు మూడుకి వచ్చినా ఆశ్చర్యం లేదు. కానీ ఇప్పటికే లేచిన నీళ్లు నంబర్ తగ్గిందని వెనక్కి పోవు.

ఇంకొకటి, గంట గంటకీ ఫోన్ చూడొద్దు. మియామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ పూర్తి బులెటిన్ ఆరు గంటలకొకసారి ఇస్తుంది, మన టైములో పొద్దున 8:30, మధ్యాహ్నం 2:30, రాత్రి 8:30, మళ్లీ రాత్రి 2:30. మధ్యలో ఛానెళ్లు అరిచేది ఎక్కువగా ఆ బులెటిన్నే. మ్యాపులో తెల్లటి గరాటు లాంటిది చూపిస్తారు కదా, అది తుఫాను సైజు కాదు, కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే అంచనా. మూడింట రెండు సార్లు కేంద్రం అందులోనే ఉంటుంది, ఒకసారి బయటికి పోతుంది. "మేం గరాటు బయట ఉన్నాం" అని సంబరపడొద్దు.


కోదాడ_బస్టాండ్
అక్టోబర్ 8, పొద్దున 9:35

ఏమనుకోకండి గానీ, సెప్టెంబర్ ఒకటిన కోదాడలో కార్లు కొట్టుకుపోయినప్పుడు, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమకాల్వ తెగి పొలాల మీద ఇసుక మేట వేసినప్పుడు, ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి ఎక్కినప్పుడు ఇక్కడ ఇంత పెద్ద ముచ్చట్లు చూడలేదు. మా చిన్నాయన రెండెకరాల వరి ఇంకా ఇసుక కిందే ఉంది. అమెరికా అనేసరికి మిల్లీబార్ల లెక్కలు, ఉపగ్రహం బొమ్మలు. కారుంది, రోడ్డుంది, ఆర్డరిచ్చే గవర్నమెంటుంది, పోతారు. మనకు ఎవడు చెప్పాడు ముందు?


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 8, పొద్దున 9:50

అన్నా, నువ్వన్నదాంట్లో తప్పేం లేదు. కోదాడకి నేను రెండోరోజు పోయిన, మా షాపు నుంచి దుప్పట్లు తీసుకుని, ఫోటోలు పెట్టుకోలేదు అంతే. అక్క కాబట్టి భయం, అమెరికా కాబట్టి కాదు. మా అక్క కోదాడలో ఉంటే ఇదే థ్రెడ్ కోదాడ గురించి ఉండేది.


రాజోలి_మగ్గం (గద్వాల జిల్లా)
అక్టోబర్ 8, మధ్యాహ్నం 1:10

కోదాడ అన్న అడిగిన "ఎవడు చెప్పాడు ముందు" అనేది నాకు తగిలింది. మాకు చెప్పారు. మేమే వినలేదు.

2009, అక్టోబర్ మొదట్లో. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. తుంగభద్ర పెరుగుతోంది, సుంకేసుల బ్యారేజీ దగ్గర పరిస్థితి బాలేదు, ఊరు ఖాళీ చేయండి అని చాటింపు వేశారు. మా నాయన మగ్గం మీద గద్వాల చీర సగం నేశాడు, అంచు అప్పుడే కుదురుతోంది, "ఎన్నిసార్లు చూడలేదు ఈ నదిని, గట్టు దాటి ఎప్పుడన్నా వచ్చిందా" అని కూర్చున్నాడు. మాది గుంత మగ్గం. నీళ్లు వీధిలోంచి రాలేదు మొదట. మగ్గం గుంతలోంచి వచ్చాయి. నాయన కాళ్లు పెట్టే చోట నేల చెమ్మగిల్లింది, ఇంకాసేపటికి పావుకోళ్ల మీదికి వచ్చింది, ఆయన కాలు తీసి పైన పెట్టుకుని ఇంకా నేస్తూనే ఉన్నాడు. అమ్మ వచ్చి పడుగు దారాలు కత్తెరతో కోసేసింది. ఏం మాట్లాడలేదు, కోసేసింది. అప్పుడు లేచాడు. మేం గుడి ఎత్తు మీదికి పోయేసరికి వెనక గోడలు పడే చప్పుడు. తెల్లారి చూస్తే మా వాడకట్టే లేదు. ఆలంపూర్ మునిగింది, కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయని, 885 అడుగుల మట్టం దాకానే నింపే డ్యామ్‌లో నీళ్లు 896 దాటాయని తర్వాత పేపర్లో చదివాం.

ఆ చీర నేయడానికి పట్టే టైము నాయనకి తెలుసు, నది పెరగడానికి పట్టే టైము తెలియదు. నిన్న ఐదు రోజుల్లో వచ్చేది ఈరోజు ఐదు గంటల్లో వస్తే మనిషి మెదడు పట్టుకోలేదు. పొద్దున ఒక వీడియో చూశాను, మియామీ టీవీలో మూడు దశాబ్దాలుగా వాతావరణం చెప్పే జాన్ మొరాలెస్ అనే ఆయన, పది గంటల్లో పీడనం 50 మిల్లీబార్లు పడిపోయిందని చెప్తూ చెప్తూ గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. అంత చూసినాయనే తట్టుకోలేకపోయాడు.

తమ్ముడూ, మీ బావకి లెక్కలు చెప్పకు. అక్కకి చెప్పు. ఆమె కత్తెర తీస్తది.


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 8, రాత్రి 9:05

రాజోలి అన్న రాసింది అక్కకి చదివి వినిపించిన. ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సూట్‌కేసు తీస్తున్నా" అంది.

బావ కథ వేరు. పోవడానికి ఒప్పుకున్నాడు, కానీ పాలమూరు అన్న ఇంటికి పోవడానికి మొహమాటం. "ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి ముగ్గురం ఎట్లా పోతాం, పండగ పూట" అని పొద్దుటి నుంచి హోటళ్లకి ఫోన్లు చేస్తూ కూర్చున్నాడట. ఒక్కటీ ఖాళీ లేదు. ప్రాణం మీదికొచ్చినా మొహమాటం పోదు మనోళ్లకి.

ఇంకో సంగతి. అమ్మ అంతా వినేసింది. నేను వరండాలో మాట్లాడుతున్నానని అనుకున్నా, ఆమె తలుపు వెనకే గునుగు పూలు కట్టలు కడుతోంది. లోపలికొచ్చి "ఎన్నిటికి తగుల్తది అది" అని అడిగింది, అంతే. మన లెక్కన గురువారం పొద్దున అని చెప్పిన. "సద్దుల బతుకమ్మ నాడా" అని మళ్లీ వెళ్లి కూర్చుంది. కట్టలు కట్టే దారం మాత్రం రెండుసార్లు తెగింది.


పాలమూరు_టు_టాంపా
అక్టోబర్ 8, రాత్రి 9:30

మీ బావకి నేనే ఫోన్ చేసిన. "అన్నా, మా ఇంట్లో బతుకమ్మ పేర్చడం వచ్చినోళ్లు ఎవరూ లేరు, మా ఆవిడది బెంగళూరు, మీ ఆవిడ వస్తే మాకు సాయం" అన్న. అబద్ధమేం కాదు. సరే అన్నాడు.


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 9, పొద్దున 5:40

చేరారు. మామూలుగా ముప్పావు గంట దారి, రెండున్నర గంటలు పట్టింది. పాప తన బొమ్మలన్నీ తెస్తానని ఏడిస్తే ఒకటే తెచ్చుకో అన్నారట. పాస్‌పోర్టులు, పాప సర్టిఫికెట్లు జిప్ కవర్లో పెట్టి, అమ్మ పంపిన పచ్చడి సీసాలు కూడా తీసుకుందట అక్క. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ వదిలేసి పచ్చళ్లు!

నిన్న కొంచెం తగ్గి నాలుగైంది అనుకుంటే రాత్రి మళ్లీ ఐదు అయింది. సాగర్ సార్ చెప్పినట్టే ఇప్పుడు వెడల్పైంది కూడా. మా వాళ్లు ఎత్తుకి చేరారు గానీ, అక్క పక్క ఫ్లాట్‌లో ఒక ముసలామె ఒక్కతే ఉంటుందట, "హెలీన్‌కి పోలేదు, దీనికి కూడా పోను" అని తలుపేసుకుందట. అక్క రెండుసార్లు తలుపు కొట్టిందట. రాత్రంతా నాకు ఆమె గుర్తొస్తోంది, మొహం కూడా తెలియదు.


కోదాడ_బస్టాండ్
అక్టోబర్ 9, రాత్రి 8:45

ఏమైంది తమ్ముడూ, 8:30 బులెటిన్ వచ్చింది కదా. నేనూ చూస్తున్నా. ఆ ముసలామె సంగతి ఏమన్నా తెలిసిందా?


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 9, రాత్రి 9:20

కౌంటీ బస్సు వచ్చి షెల్టర్‌కి తీసుకుపోయిందట, ఇంకో ఫ్లాట్ ఆయన అక్కకి మెసేజ్ పెట్టాడు. పిల్లిని వదిలి రానని గొడవ పెట్టుకుంటే పిల్లిని కూడా ఎక్కించుకున్నారట.


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 10, పొద్దున 8:40

ఆరింటికి తీరం దాటింది, టాంపాకి దక్షిణాన సారసోటా దగ్గర సియెస్టా కీ అనే చోట. మూడో కేటగిరీ, గంటకి 195 కిలోమీటర్లు. అక్క నుంచి ఆఖరి మెసేజ్ ఐదున్నరకి, "కరెంటు పోయింది, గాలి రైలు లాగా అరుస్తోంది, పాప పడుకుంది". తర్వాత ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి నా మెసేజ్‌లు.

అమ్మని తీసుకుని క్లాక్‌టవర్ దగ్గరికి పూలకి వచ్చిన. తంగేడు కట్ట రేటు విని రోజూ అయితే అరగంట బేరమాడే మనిషి, ఈరోజు అడిగినంత ఇచ్చేసింది. పూలామె కూడా బిత్తరపోయింది.


సాగర్_ఎడమకాల్వ
అక్టోబర్ 10, పొద్దున 9:15

సిగ్నల్ పోవడం మామూలే, టవర్లకి కరెంటు ఉండదు, భయపడకు. నీళ్ల విషయంలో టాంపాకి మంచే జరిగింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. కేంద్రం టాంపాకి దక్షిణాన దాటింది కాబట్టి బే మీద గాలి నేల వైపు నుంచి సముద్రంలోకి వీచింది. నీళ్లని లోపలికి తొయ్యాల్సింది బయటికి లాగేసింది, బేలో నీళ్లు వెనక్కి పోయి బురద తేలిందట. అదే కేంద్రం ఓ యాభై కిలోమీటర్లు ఉత్తరాన దాటి ఉంటే కథ తలకిందులు. అయితే కేంద్రానికి దక్షిణాన ఉన్న ఊళ్లకి ఆ నీళ్లు ఎక్కే ఉంటాయి. వాన మాత్రం ఎవర్నీ వదల్లేదు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలు దాటిందంటున్నారు, మన నల్లగొండకి ఏడాదంతా పడేదాంట్లో సగం కంటే ఎక్కువ. అక్కడి స్టేడియం పైకప్పు గాలికి చీలికలు పేలికలైంది.


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 10, మధ్యాహ్నం 3:25

వచ్చింది మెసేజ్. "అందరం బాగున్నాం. చెట్టు ఒకటి అన్నవాళ్ల కంచె మీద పడింది. ఫోన్ కార్లో చార్జింగ్ పెట్టి పంపుతున్నా. అమ్మకి చెప్పు."

అమ్మ మలీద ముద్దలు కడుతోంది. చెప్పిన. "నాకు తెలుసు" అంది. తెలిసినట్టు అయితే కనపడలేదు, ముద్దలన్నీ ఒక్కోటి ఒక్కో సైజు.

సంతోషంగానే ఉంది, కానీ ఒకటి రాయాలి. తుఫాను దక్షిణానికి జరిగింది అని వినగానే నేను గట్టిగా "అమ్మయ్య" అన్నా. ఆ దక్షిణాన కూడా ఎవరో తమ్ముడు ఎవరో అక్క కోసం ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటాడు కదా. ఆ ఆలోచన రాత్రంతా రాలేదు అంటే నమ్మండి, పొద్దున పూల దగ్గర వచ్చింది.


రాజోలి_మగ్గం
అక్టోబర్ 12, పొద్దున 7:30

అందరికీ దసరా శుభాకాంక్షలు. తమ్ముడి మాటకి ఒక చేర్పు. తుఫాను పడమటి తీరాన దాటితే, అది రాకముందే తూర్పు తీరాన సుడిగాలులు పుట్టి సెయింట్ లూసీ కౌంటీలో ఆరుగురు పోయారు. పెద్దవాళ్లు ఉండే కాలనీ, తేలిక ఇళ్లు. అందరం సముద్రం వైపు చూస్తున్నాం, అక్కడ వెనక నుంచి వచ్చింది. మా మగ్గం గుంత గుర్తొచ్చింది.


కోదాడ_బస్టాండ్
అక్టోబర్ 12, పొద్దున 8:10

మొన్న కోపంలో రాసిన, తీసేయను గానీ. మీ అక్కవాళ్ల ఇల్లు ఎట్లుంది? కరెంటు వచ్చిందా?


పానగల్లు_తమ్ముడు
అక్టోబర్ 12, పొద్దున 8:45

ఇంట్లోకి నీళ్లు రాలేదు అన్నా. ఫ్రిజ్ తెరిస్తే కంపు, అంతే. ముప్పై లక్షల పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, వీళ్లకి ఇంకా రాలేదు, అందుకే పాలమూరు అన్న ఇంట్లోనే ఉన్నారు. బావకి ఇప్పుడు అక్కడి నుంచి కదలాలని లేదట, ఇద్దరూ రమ్మీ ఆడుతున్నారు. ఆ మొహమాటం ఎక్కడికి పోయిందో.

అసలు ముచ్చట వినండి. గురువారం రాత్రి, వాళ్ల టైము, కొవ్వొత్తుల వెలుగులో బతుకమ్మ పేర్చారట. తుఫానుకి ముందే దుకాణంలో కొన్న బంతి, చామంతి తప్ప ఏం లేవు, తంగేడు ఎక్కడ దొరుకుతుంది. పాప, ఆ ఇంటి పిల్లలు చప్పట్లు కొడుతూ ఆడారు. మరి నిమజ్జనం? చెరువుల దగ్గరికి పోవద్దు, అన్నీ పొంగి ఉన్నాయి, కరెంటు తీగలు కింద పడి ఉన్నాయి. అప్పుడు పాప అడిగిందట, "బాత్‌టబ్‌లో నీళ్లున్నాయి కదా" అని.

అమ్మకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగు రోజుల తర్వాత. తర్వాత అనుమానమొచ్చి, "వాడుకోకముందే వేసిన్రా" అని అడిగింది.


పాలమూరు_టు_టాంపా
అక్టోబర్ 12, రాత్రి 7:55

వాడుకోకముందే వేసినం, అమ్మకి చెప్పు. కానీ ఈ పొద్దున మాకు కరెంటు వచ్చిందని టబ్ ఖాళీ చేస్తుంటే బంతి రేకులన్నీ తూములో అడ్డం పడి నీళ్లు దిగడం లేదు. మీ బావ చెంచా పెట్టి గంట నుంచి పీకుతున్నాడు, పాప పక్కన టార్చి పట్టుకుంది.